నామినీ పేరు దగ్గర ఆగిపోయిన విల్లు: ఒక కేస్ స్టడీ

క్లయింటు తిరుపతిలో స్థిరపడిన విశ్రాంత లెక్చరరు. వయసు 72. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు కాబట్టి వీధిలో అందరికీ మాస్టారే. ఇక్కడా అలాగే పిలుస్తాను. ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. మనుషులను పోల్చుకోగలిగే వివరాలు మార్చాను. చట్టానికి సంబంధించినవి ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

ఈ కేసును ఎంచుకోవడానికి కారణం ఉంది. మాస్టారికి చట్టం మీద కొంత అవగాహన ఉంది. ఆస్తి మీద తగాదా లేదు. పిల్లల మధ్య మాటలున్నాయి. ఫీజు ఇవ్వగలరు, ఓపికగా కూర్చుని వినగలరు. అయినా ఏళ్ల తరబడి విల్లు రాయలేదు. ఇలాంటివారిని చూసినప్పుడు చావు మాట ఎత్తడం ఇష్టం లేక వాయిదా వేస్తున్నారని తేల్చేయడం మా వృత్తిలో అలవాటు. నాకు ఆ మాట మీద పెద్దగా నమ్మకం లేదు. మన పెద్దవాళ్లు చావు గురించి బాగానే మాట్లాడతారు. కర్మలకు డబ్బు వేరే కవరులో పెట్టి ఉంచేవారున్నారు. తన చివరి రోజున ఏ చీర కప్పాలో కోడలికి చెప్పి, దాన్ని బీరువాలో విడిగా మడిచి పెట్టుకున్న అవ్వ ఒకామె నాకు తెలుసు. ఆమె కూడా విల్లు రాయలేదు. ఆ కాగితంలో ఎక్కడో ఒక ప్రశ్న ఉంటుంది, దానికి జవాబు లేదని వాళ్లు ఎప్పుడో నిర్ణయించేసుకుని ఉంటారు. అలాంటి కాగితాన్ని ఎవరు మాత్రం ముందుకు లాక్కుంటారు? ఆ ప్రశ్న ఏదో బయటపడితే మిగతాది డ్రాఫ్టింగు పని.

కుటుంబం, ఆస్తి

మాస్టారి భార్యకు 67 ఏళ్లు. పెద్దమ్మాయి తిరుపతిలోనే రెండు వీధుల అవతల ఉంటుంది. ఆసుపత్రులకు తీసుకెళ్లేదీ, కరెంటు బిల్లు కట్టేదీ ఆమే. అబ్బాయి అమెరికాలో ఉద్యోగం. రెండో అమ్మాయి 2017లో జ్వరంతో చనిపోయింది. ఆమెకు ఒక్కతే కూతురు, 2012లో పుట్టింది. అల్లుడు చిత్తూరులో ఉంటాడు, తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పిల్ల తండ్రి దగ్గరే పెరుగుతోంది. వేసవి సెలవుల్లో, గంగమ్మ జాతర నాటికి తాతగారింటికి వస్తుంది.

ఆస్తి విషయానికి వస్తే, 40 అంకణాల స్థలంలో కిందా పైనా రెండు వాటాల ఇల్లు. స్థలం జీతం డబ్బుతో కొన్నది, క్రయపత్రం మాస్టారి పేరనే ఉంది, కాబట్టి స్వార్జితం. రిటైరయ్యాక వచ్చిన డబ్బు రెండు బ్యాంకుల్లో, కొంత పోస్టాఫీసులో డిపాజిట్లుగా ఉంది. చంద్రగిరి మండలంలో రెండెకరాల తోతాపురి తోట ఉంది. అది భార్యకు ఆమె తండ్రి రిజిస్టర్డ్ దానపత్రం ద్వారా ఇచ్చినది, పూర్తిగా ఆమె సొంతం. గుజ్జు ఫ్యాక్టరీలు ధర పలకని ఏడాది ఆ తోట ఎవరికీ వద్దు, ధర పలికిన ఏడాది అందరికీ గుర్తొస్తుంది. ఇవి కాక ఆమె ఒంటి మీది బంగారం.

ఇక్కడ చిన్న సాంకేతిక విషయం ఒకటి. పాత పత్రాలన్నింటిలో చిత్తూరు జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. విల్లులో ఆస్తి వివరం రాసేటప్పుడు రెండూ పేర్కొని, పాత డాక్యుమెంటు నంబరు, సర్వే నంబరు, హద్దులు ఇస్తే తర్వాత మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) దగ్గర ఎవరూ కొర్రీ వేయరు.

వాయిదాలు

మాస్టారు మొదటిసారి వచ్చింది 2023 ఆరంభంలో. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని ఆయనకు ముందే తెలుసు. సాక్షులు ఇద్దరు ఉండాలనీ తెలుసు. డ్రాఫ్టు ఎప్పుడు మొదలుపెడదామని అడిగితే ఉగాది వెళ్లనివ్వమన్నారు. ఉగాది వెళ్లింది, పెద్దమ్మాయి కొడుకుకు పరీక్షలు వచ్చాయి. తర్వాత ఆషాఢం. ఆ ఏడాది అధిక శ్రావణం కూడా వచ్చిపడింది. నిజ శ్రావణంలో అబ్బాయి అమెరికా నుంచి వచ్చి వెళ్లాడు, ఆ సంతోషంలో ఈ మాట ఎందుకన్నారు. ఆ తర్వాత మహాలయ పక్షాలు, ఆ తర్వాత ధనుర్మాసం. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఎవరి పంచాంగంలోనైనా ఇవన్నీ ఉంటాయి, అందుకే ఆ వాయిదాలను తప్పుపట్టడం కష్టం.

నేను గమనించింది వేరే విషయం. ఆయన రావడం మానలేదు. వచ్చేవారు, కూర్చునేవారు, స్త్రీధనానికీ స్వార్జితానికీ తేడా అడిగేవారు, నోట్సు రాసుకునేవారు. 'పిల్లల పేర్లు, వయసులు చెప్పండి, రాసుకుంటాను' అనగానే బస్సుకు టైమయిందనేవారు. ఆయన ఇల్లు మా ఆఫీసుకు నడిచి వచ్చేంత దూరంలో ఉంది.

లాయరు దగ్గరికి రాకుండా తప్పించుకునేవారు వేరు, వచ్చి చివరి పేజీ దగ్గర తప్పించుకునేవారు వేరు. మొదటి రకానికి ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. రెండో రకానికి ఒత్తిడి పనికిరాదు. 'రేపు ఏమైనా అయితే?' అని భయపెడితే వాళ్లు మర్యాదగా నవ్వి ఇంకో నెల వాయిదా వేస్తారు. భయం వాళ్లకు కొత్త సమాచారం కాదు.

నోటుపుస్తకం

2024 ఫిబ్రవరిలో విల్లు మాట పూర్తిగా పక్కన పెట్టాను. ఏది ఎక్కడుందో ఒక పుస్తకంలో రాసుకుని రమ్మని మాత్రం అడిగాను. ఎవరికి ఇవ్వాలన్నది రాయవద్దు, ఏముందో రాయండి చాలు అన్నాను. లెక్కల మాస్టారికి ఇలాంటి పని పండగే. పొడవాటి నోటుపుస్తకం ఒకటి గళ్లు కొట్టి తెచ్చారు. డాక్యుమెంటు నంబర్లు, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీసిన తేదీ, ఇంటి పన్ను అసెస్‌మెంటు నంబరు, కరెంటు సర్వీసు నంబరు, డిపాజిట్ల గడువు తేదీలు, చివరికి పాలవాడికి ఇచ్చిన అడ్వాన్సు కూడా ఉన్నాయి. కుటుంబ సభ్యులు అని శీర్షిక పెట్టిన పేజీ మాత్రం ఖాళీ.

ఆయన భార్య కూడా వచ్చారు ఆ రోజు. 'ఇంట్లోనూ ఇంతేనమ్మా. బీరువా తీస్తారు, పుస్తకం తీస్తారు, ఆ పేజీ దాకా వచ్చి మళ్లీ పెట్టేస్తారు' అన్నారు.

డిపాజిట్ రసీదుల జిరాక్సులు ఒక్కొక్కటీ చూస్తూ వచ్చాను. ఒకదాని మీద నామినీగా రెండో అమ్మాయి పేరు ఉంది. ఆమె పోయాక ఆ డిపాజిట్ గడువు తీరి, దానంతట అదే రెన్యువల్ అయి, పాత నామినీతోనే కొనసాగుతోంది. మిగతా అన్ని రసీదుల మీదా తేదీలు, సంతకాలు పక్కాగా చూసుకున్న మనిషి దీన్ని గమనించలేదనుకోవడం కష్టం.

ఎందుకు మార్చలేదని అడగలేదు. 'దీన్ని మార్చాలంటే ఎవరి పేరు రాయమంటారు మాస్టారూ?' అని అడిగాను.

చాలాసేపటికి చెప్పారు. 'ఎవరి పేరు రాసినా తప్పే లాయరమ్మా. అబ్బాయి పేరు రాస్తే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టు. పిల్ల పేరు రాస్తే డబ్బు వాళ్ల నాన్న చేతికి పోతుంది. రాయకుండా ఉంటే ఎవరికీ ఏ అన్యాయమూ చేసినట్టు ఉండదు కదా.'

విల్లు ఆగిపోయింది ఇక్కడ. ఇంట్లో అల్లుడి పేరు ఎత్తే అలవాటు పోయింది కాబట్టి ఈ మాట భార్యతో కూడా ఆయన ఎప్పుడూ అనలేదు. ఆమె అక్కడే కూర్చుని మొదటిసారి విన్నారు.

ఒక మాట చెప్పాలి. ఆ అల్లుడి గురించి చెడుగా అనుకోవడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. పిల్లను చదివిస్తున్నాడు, ప్రతి వేసవీ తాత దగ్గరికి తానే తెచ్చి దింపుతున్నాడు. నేను అతన్ని చూడలేదు కూడా. మాస్టారి మనసులో ఉన్నది కోపం కాకపోవచ్చు. కూతురి స్థానంలో ఇంకో మనిషి వచ్చిన ఇంటికి కూతురి వాటా వెళ్తుందన్న బాధ కావచ్చు. దాన్ని విడమరచడం లాయరు పని కాదు. ఆయన అనుమానానికి చట్టంలో ఏముందో చెప్పడమే నా పని.

రాయకపోతే ఎవరికి ఎంత

ముందు నామినేషన్ సంగతి. పేరు రాసిన నామినీకే ఆ డబ్బు సొంతమవుతుందని తిరుపతిలో బాగా చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు. నామినీ బ్యాంకు నుంచి డబ్బు తీసుకుంటాడు, అంతవరకే. తీసుకున్నది వారసుల తరఫున, విల్లు ఉంటే విల్లు ప్రకారం. బీమా విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే సర్బతీ దేవి కేసులో ఈ మాట చెప్పింది. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో మళ్లీ చెప్పింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు నామినీలుగా ఉంటే వాళ్లే లబ్ధిదారులు.

మాస్టారి అసలు ప్రశ్నకు జవాబు బ్యాంకు ఫారంలోనే ఉంది. డిపాజిట్లకు నామినీని రాసే ఫారంలో ఒక గడి ఉంటుంది. నామినీ మైనరయితే, ఆమె తరఫున డబ్బు ఎవరు తీసుకోవాలో అక్కడ డిపాజిటరే పేరు రాయవచ్చు. తండ్రే కానక్కర్లేదు. పెద్దమ్మాయి పేరు రాయవచ్చు. ఆ గడిని ఆయన ఎన్నో ఫారాల్లో చూసే ఉంటారు. చదవబుద్ధి కాలేదు, అంతే.

తర్వాత ఆయన చేతికి పెన్ను ఇచ్చి లెక్క వేయమన్నాను. హిందూ వారసత్వ చట్టం, 1956, ఎనిమిదో సెక్షన్. పురుషుడు విల్లు రాయకుండా పోతే మొదటి తరగతి వారసులకు సమాన వాటాలు. మాస్టారి తల్లి లేరు. కాబట్టి భార్యకు పావు, అబ్బాయికి పావు, పెద్దమ్మాయికి పావు. మిగతా పావు? చనిపోయిన కూతురి శాఖకు, అంటే మనవరాలికి. పిల్ల మైనరు. 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి. ఇంట్లో ఆమె వాటాను అతను కోర్టు అనుమతి లేకుండా అమ్మలేడు, అది ఈ గార్డియన్‌షిప్ చట్టం ఎనిమిదో సెక్షన్ ఇచ్చే రక్షణ. ఆ ముందస్తు అనుమతి నియమం స్థిరాస్తికే. డిపాజిట్ల డబ్బుకు లేదు. పైగా ఇంటికి నలుగురు హక్కుదారులు, అందులో ఒకరు మైనరు కావడం వల్ల రేపు ఆయన భార్య ఇల్లు అమ్మి చిన్న ఫ్లాటుకు మారాలన్నా కోర్టు గడప తొక్కాలి.

మాస్టారు నాలుగు వాటాలూ గీసి, నాలుగోదాని చుట్టూ సున్నా చుట్టారు. 'అంటే నేను దేనికి భయపడి రాయలేదో, రాయకపోవడం వల్ల అదే జరుగుతుందన్నమాట' అన్నారు. ఆ మాట నేను చెప్పి ఉంటే ఇంత పని చేసేది కాదు. లెక్క ఆయనే వేశారు.

దానపత్రం మాట

ఎదురింటాయన ఒక సలహా ఇచ్చారట. విల్లు ఎందుకు, బతికుండగానే పిల్లలకు దాన సెటిల్‌మెంటు రిజిస్టరు చేసి చేతులు దులుపుకోమని. విల్లు రాయడం ఇబ్బందిగా ఉన్నవాళ్లు చాలామంది ఈ దారి పడతారు, ఒక్క రోజులో అయిపోతుంది కాబట్టి. నేను గట్టిగా వద్దన్నాను. విల్లును బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. స్థిరాస్తి దానం రిజిస్టరు అయి, తీసుకున్నవారు స్వీకరించాక మన ఇష్టానికి వెనక్కి రాదు. 2007 నాటి వృద్ధ తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకునే వీలుంది. పోషించాలన్న షరతు మీద ఇచ్చినట్టూ, ఆ షరతు తప్పినట్టూ చూపించాలి. ఆ వయసులో ట్రిబ్యునల్ చుట్టూ తిరిగేవాళ్లను చూశాక ఆ సలహా ఎవరికీ ఇవ్వలేను.

ఒక పేజీ విల్లు

అప్పటికి మార్చి వచ్చింది. ఏప్రిల్ చివరి నుంచి మూఢం, అది దాటితే ఆషాఢం. మాస్టారి పంచాంగం ప్రకారం శ్రావణం దాకా మంచి రోజు లేదు. అప్పటిదాకా ఏ కాగితమూ లేకుండా ఉండటం నాకు ఇష్టం లేదు.

అందుకే రెండు విల్లులు ప్రతిపాదించాను. ఒకటి ఇప్పుడు, ఒకే పేజీ. యావదాస్తి భార్యకు, అమలుకర్తగా పెద్దమ్మాయి. రెండోది శ్రావణంలో, తీరిగ్గా, అన్ని షరతులతో. మొదటిదానికి ముహూర్తం అడగవద్దనీ, రెండోదానికి మాత్రం ఆయన పురోహితుణ్ణి అడిగి రెండు తేదీలు ఇప్పుడే రాసి ఇవ్వమనీ చెప్పాను. అంతవరకు పంచాంగం ఆయనకు వాయిదా సాధనం. రెండు తేదీలు క్యాలెండరులో రాసుకున్నాక అదే అపాయింటుమెంటు పుస్తకమైంది.

ఇలా తాత్కాలిక విల్లు రాయించడం మా వాళ్లలో కొందరికి నచ్చదు. రెండు విల్లులుంటే రెండు తగాదాలంటారు. తర్వాతి విల్లులో మునుపటివన్నీ రద్దు అని స్పష్టంగా రాసి, పాతదాన్ని చింపేస్తే ఆ ప్రమాదం దాదాపు ఉండదు. ఏ విల్లూ లేకుండా పోయినవారి కుటుంబాలు మా కోర్టుల్లో పడే పాట్లతో పోలిస్తే ఇది చాలా చిన్న చిక్కు. ఇంకో లాభం కూడా ఉంది. ఒక్కసారి సంతకం పెట్టిన చెయ్యికి రెండోసారి అంత బరువుండదు.

స్టాంపు కాగితం అక్కర్లేదంటే మాస్టారు నమ్మలేదు. భారతీయ వారసత్వ చట్టం, 1925, 63వ సెక్షన్ తీసి చూపించాను. రాసినవారి సంతకం లేదా వేలిముద్ర, ఆ సంతకం చేయడం చూసిన లేదా అది తనదేనని ఆయన నోట విన్న కనీసం ఇద్దరు సాక్షులు, ఆ సాక్షులు ఆయన ఎదుటే సంతకం చేయడం. ఇంతే అడుగుతుంది చట్టం. తెల్లకాగితం చాలు. తెలుగులో, సొంత దస్తూరితో రాయమన్నాను.

ఆ ఒక్క పేజీలో కూడా కుటుంబ సభ్యుల వాక్యం ఒకటి పెట్టించాను. ఆస్తి ఇచ్చినా ఇవ్వకపోయినా సహజ వారసులందరి పేర్లూ విల్లులో ఉండాలన్నది నా పట్టుదల. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు అనుమానాస్పద పరిస్థితుల గురించి చెప్పినప్పటి నుంచీ విల్లును ఎదిరించే ప్రతి లాయరూ మొదట వెతికేది ఇదే: ఈ వారసుణ్ణి ఎందుకు వదిలేశారు, అసలు గుర్తున్నాడా? గుర్తున్నట్టు కాగితమే చెప్పాలి. దాంతో మాస్టారు ఆ ఖాళీ పేజీలో రాయలేకపోయిన వాక్యం ఇక్కడ రాయాల్సి వచ్చింది. నా రెండవ కుమార్తె ఫలానా 2017లో మరణించినది, ఆమెకు ఫలానా అను కుమార్తె కలదు. ఆయన ఆ వాక్యం రాస్తున్నంతసేపు నేను బయట వరండాలో ఫోన్లు మాట్లాడుకున్నాను. సాక్షులుగా ఆయన పాత విద్యార్థి ఒకరు, పక్కింటి బ్యాంకు ఉద్యోగి ఒకరు సంతకం చేశారు. ఇద్దరూ నలభైలలో ఉన్నవారు, ఆస్తిలో ఏ వాటా లేనివారు. తన వయసు స్నేహితులను సాక్షులుగా పిలవడం పెద్దల అలవాటు. విల్లు రుజువు చేయడానికి సాక్షుల్లో కనీసం ఒకరు బతికి ఉండి కోర్టుకు రాగలిగితే వారిని పిలిచి తీరాలి. 2024 జూలై 1న పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ నియమం మారలేదు.

శ్రావణంలో

అసలు విల్లులో కష్టమైనవి మూడు. ఇల్లు, మనవరాలు, అబ్బాయి.

ఇల్లు భార్య బతికున్నంతకాలం అనుభవించి, తదనంతరం పిల్లలకు చెందాలని మాస్టారి కోరిక. వినడానికి అందంగా ఉంటుంది. హిందూ భార్యకు పోషణ నిమిత్తం ఇచ్చిన పరిమిత హక్కు వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద సంపూర్ణ హక్కుగా మారుతుందా లేదా అన్నది 1977 నాటి తులసమ్మ కేసు నుంచి నేటిదాకా నలుగుతూనే ఉన్న ప్రశ్న. ఆ కేసు పుట్టింది మన ఆంధ్ర నేల మీదే. మీ ఇల్లు ఆ చర్చకు ఇంకో ఉదాహరణ కావాలా అని అడిగాను. చివరికి ఇల్లు భార్యకు సంపూర్ణ హక్కులతో రాశాం. ఆమె ముందుగా పోతే కింది వాటా పెద్దమ్మాయికి, పై వాటా అబ్బాయికి. భార్య మీద నమ్మకం ఉంటే షరతు అక్కర్లేదు, లేకపోతే షరతు పనిచేయకపోవచ్చు. ఆమె ఈ మాట విని నవ్వారు, ఆయన నవ్వలేదు.

మనవరాలికి డిపాజిట్లలో మూడో వంతు. ఆమెకు 21 ఏళ్లు నిండినప్పుడే అది ఆమెకు సంక్రమించాలి. అప్పటిదాకా పెద్దమ్మాయీ, సాక్షి కాని ఇంకో విద్యార్థీ (ఈయన ఊళ్లోనే చార్టర్డ్ అకౌంటెంటు) ధర్మకర్తలుగా ఉండి, వడ్డీని ఆమె చదువుకు ఖర్చు చేయాలి. ఇక్కడ ఎవరూ అడగలేని ప్రశ్న ఒకటి అడగక తప్పలేదు. ఆ బిడ్డకు 21 నిండకముందే ఏదైనా జరిగితే? ఇప్పుడే పూర్తి హక్కుగా ఇచ్చేస్తే, పెళ్లికాని పిల్ల పోయినప్పుడు తల్లి లేదు కాబట్టి చట్టప్రకారం ఆ డబ్బు తండ్రికి చేరుతుంది. 21 నిండడాన్ని షరతుగా పెట్టి, నిండకపోతే ఆ మొత్తం ఎవరికి వెళ్లాలో కూడా రాస్తే చేరదు. మాస్టారి భార్య లేచి వంటింటి పని ఏదో గుర్తొచ్చినట్టు బయటికి వెళ్లారు, మా ఆఫీసులో వంటిల్లు లేదు. మాస్టారు చెప్పారు: శ్రీ వేంకటేశ్వర అన్నప్రసాదం ట్రస్టుకు. సంస్థకు ఇచ్చేటప్పుడు 'స్వామివారికి' అని రాస్తే చాలదు, ట్రస్టు పూర్తి పేరు, టీటీడీ పేరు రెండూ ఉండాలి.

అబ్బాయి ఫోనులో 'నాకేమీ వద్దు నాన్నా, అక్కకే ఇచ్చేయండి' అన్నాడు. ఇలాంటి మాటకు చట్టంలో విలువ లేదు, కుటుంబంలో చాలా ఉంది. అయినా పూర్తిగా వదిలేయవద్దన్నాను. ఈ రోజు వద్దన్న మనిషి పదిహేనేళ్ల తర్వాత విల్లు చదువుకుంటే ఆ మాట గుర్తుంటుందో, తన పేరు లేకపోవడమే కనిపిస్తుందో ఎవరు చెప్పగలరు? డిపాజిట్లలో మూడో వంతు అతనికీ, మూడో వంతు పెద్దమ్మాయికీ ఉంచాం. ఇంకే ఆస్తి మిగిలినా భార్యకు అన్న వాక్యంతో ముగించాం. ఆ వాక్యం లేని విల్లులు ఎన్నో చూశాను. అందులో రాయడం మరిచిన ఒక్క సేవింగ్స్ ఖాతా కోసం మళ్లీ కోర్టుకు వెళ్తారు.

రిజిస్ట్రేషన్ చేయించాలని మాస్టారే పట్టుబట్టారు. విల్లుకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషను ఐచ్ఛికం. ఆయనకు ఒకే సందేహం: ఈసీ తీస్తే ఇది కనిపిస్తుందా, ఎవరైనా నకలు తీసుకోగలరా? కనిపించదు. విల్లులు సబ్ రిజిస్ట్రారు దగ్గర మూడో నంబరు పుస్తకంలో విడిగా ఉంటాయి. రాసినవారు బతికున్నంతకాలం వారికీ, వారు అధికారమిచ్చినవారికీ తప్ప నకలు ఇవ్వరు. ఈ ఒక్క భయంతో రిజిస్ట్రేషను మానుకునేవారు చాలామంది. కదలలేని స్థితిలో ఉంటే అధికారి ఇంటికి వచ్చి చేసే ఏర్పాటు కూడా రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్‌లో ఉంది. మాస్టారికి ఆ అవసరం లేదు, ఎప్పుడూ చూసే డాక్టరుతో ఆ ఉదయమే మానసిక స్థితి బాగుందని ధ్రువపత్రం తీసుకుని నడిచే వచ్చారు. ఆ ధ్రువపత్రం చట్టం అడగదు, నేను అడుగుతాను.

తర్వాత

విల్లు రిజిస్టరయిన వారంలోనే ఆయన బ్యాంకుకు వెళ్లి ఆ పాత నామినేషను మార్చారు. మనవరాలి పేరు, ఆమె మైనరుగా ఉన్నంతకాలం తీసుకోవలసిన వ్యక్తిగా పెద్దమ్మాయి పేరు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను శాతాలతో పెట్టుకునే వీలు రాగానే, మిగతా డిపాజిట్లకు కూడా విల్లులోని వాటాలకు సరిపోయేలా శాతాలు రాయించుకున్నారు. నామినేషనూ విల్లూ ఒకదానికొకటి ఎదురు తిరగకుండా ఉంటే ఇంట్లో సగం అపార్థాలు పుట్టవు. అసలు విల్లు ఎక్కడుందో పెద్దమ్మాయికి చెప్పారు, అందులో ఏముందో చెప్పలేదు. లాకరులో పెట్టవద్దని నేను చెప్పాను. ఆయన పోయాక లాకరు తెరవడానికే కాగితాలు అడుగుతారు.

భార్య విల్లు విడిగా రాశాం. భార్యాభర్తలు కలిసి ఒకే విల్లు రాయడం నాకు ఇష్టం ఉండదు. ఒకరు పోయాక రెండోవారు మార్చుకోవచ్చా లేదా అన్న పేచీ దానితోనే పుడుతుంది. తోట పెద్దమ్మాయికీ మనవరాలికీ చెరిసగం, మనవరాలి సగానికి అవే షరతులు. ఆమె అరగంటలో తేల్చేశారు. ఇన్నేళ్లూ తనను ఎవరూ అడగలేదన్నారు.

ఆమె దగ్గర తేలనిది ఒక్కటే, చేతి బంగారు గాజులు. రెండో అమ్మాయి జ్వరంతో ఉన్నప్పుడు శ్రీవారి హుండీలో వేస్తానని మొక్కుకున్నారట. అమ్మాయి దక్కలేదు. మొక్కు తీర్చాలా, మనవరాలికి ఇవ్వాలా తెలియడం లేదు. హుండీలో వేయదలిస్తే విల్లు అక్కర్లేదనీ, కొండకు వెళ్లిన రోజు ఆమె చేత్తోనే వేయవచ్చనీ చెప్పాను. 'వెళ్లినప్పుడల్లా వేసుకునే వెళ్తానమ్మా, వేసుకునే తిరిగొస్తాను' అన్నారు. ఆమె విల్లులో గాజుల ప్రస్తావన లేదు. మిగిలిన ఆస్తి యావత్తూ పెద్దమ్మాయికీ మనవరాలికీ సమానంగా అన్న వాక్యం ఉంది కాబట్టి ప్రస్తుతానికి అవి దాని కిందికి వస్తాయి. ఎప్పుడు తేల్చుకున్నా అరపేజీ అనుబంధం, మళ్లీ ఇద్దరు సాక్షులు చాలు.